కురాహాషి బూట్లు

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో వాసుదేవరావు గారి గరాజ్‌లో కారుకి చోటుండదు. మడత కుర్చీలు, టీ ఫ్లాస్కు, ఆయన కోతలు, వీటితోనే నిండిపోతుంది. రిటైరైన ఇంజినీరు, చేతినిండా తీరిక, నోటినిండా కథలు. శనివారం సాయంత్రమైతే చాలు, చుట్టుపక్కల మనవాళ్ళంతా అక్కడే చేరతారు.

ఆ శనివారం నాన్న మనోహర్‌తో వచ్చిన ఇషా మాత్రం ముఖం మాడ్చుకుని కూర్చుంది. తెల్లారితే హైస్కూల్ సాకర్ టీమ్‌కి ట్రయౌట్స్, ఆడించి చూసి ఎంపిక చేస్తారు. ఏడాదిగా కాలికి అలవాటైన బూట్లేమో పదిహేను రోజులుగా కనబడటం లేదు. ఇల్లు, కారు, స్కూల్ లాకర్, అన్నీ గాలించింది. కొత్తవి కొన్నారు గానీ అప్పుడే మడమ మీద బొబ్బ లేచింది. ఆ కాలితో కుంటుకుంటూ పరిగెత్తితే టీమ్‌లోకి ఎవరు తీసుకుంటారు?

"ఏంటమ్మాయ్ అలా ఉన్నావ్? నీకు కురాహాషి తెలుసా?" అన్నారు వాసుదేవరావు.

ఇషా చటుక్కున తలెత్తింది. తెలియకపోవడమేంటి! సోజి కురాహాషి, జపాన్ టీమ్ ఫార్వర్డ్. బెల్జియంలో గోల్స్ మీద గోల్స్ కొట్టి, మోకాలు దెబ్బతిని ఏడాది మంచాన పడి, ఇక పని అయిపోయిందని అందరూ అనుకున్నాక అమెరికా వచ్చి మళ్ళీ లేచినవాడు. ఆమె గది గోడ నిండా అతనే.

"యు మెట్ హిమ్, అంకుల్?"

"ఏదో చిన్న సాయంలేమ్మా. ప్లేనోలో మన ఇండియన్ స్టోర్ ముందు కార్ బ్యాటరీ డెడ్ అయి నిలబడ్డాడు పాపం. జంపర్ కేబుల్స్ పెట్టి స్టార్ట్ చేశా. అంతే."

అక్కడితో ఆగితే ఆయన వాసుదేవరావు ఎందుకవుతారు?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంటికి తీసుకొచ్చా. గుమ్మం దగ్గరే బూట్లు విప్పాడయ్యా, అచ్చం మనలాగే! మా ఆవిడ ఛాయాదేవి పెట్టిన ఆవకాయతో అన్నం కలిపి ముద్దలు చేసిచ్చా. రెండో ముద్దకి కళ్ళనీళ్ళు, మూడో ముద్దకి మోకాలి నొప్పి మాయం! డాక్టర్లు స్కాన్ తీసి, ఇది ఎవరి మోకాలు అని అడిగారట."

"నేనెప్పుడూ ఆయన్ని చూళ్ళేదే!" అంది ఛాయాదేవి, పకోడీల పళ్ళెం పెడుతూ.

"నువ్వు బాతెల్‌లో మీ చెల్లెలింట్లో ఉన్నావులే. సరే, ఇదే గరాజ్‌లో ఎడమకాలితో కొట్టడం నేర్పా. అంతవరకూ వాడిది కుడికాలే."

"బట్ అంకుల్, చిన్నప్పటినుంచీ ఆయన లెఫ్ట్ ఫుటెడ్!"

"పేపర్లవాళ్ళకి అలా చెప్పమన్నది నేనే కదమ్మా! ఇక తర్వాతి మ్యాచ్‌లో కొట్టాడు చూడు! గోల్‌కీపర్ బంతి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే వల చించుకుని, స్టాండ్స్ మీదుగా పార్కింగ్ లాట్‌లో దిగాడు. గేట్ దగ్గర టికెట్ లేదని లోపలికి రానివ్వలేదు కూడాను!"

గరాజంతా గొల్లుమంది. ఇషా కూడా పగలబడి నవ్వింది. బొబ్బ మాటే మరిచిపోయి కుర్చీ ముందుకి లాక్కుంది.

"అదొక లెక్కా! టోక్యోలో జపాన్ మ్యాచ్. ఎంతకీ గోల్ పడదు. మనవాడు సాక్స్‌లో దోపుకున్న ఫోన్ తీసి నాకు చేసి, మాస్టారూ ఏం చెయ్యమంటారు అన్నాడు. కళ్ళు మూసుకుని పైకి తన్నరా అన్నా. తన్నాడు. లేచిన బంతి దిగదే! రిఫరీకి మెడ పట్టేసింది. జనం ఇళ్ళకెళ్ళి భోంచేసి వచ్చారు. ఇంతలో ఇక్కడ మా పెరట్లో, సొరపాదు మీద ధబ్బుమని చప్పుడు! వెళ్ళి చూస్తే బంతి, చెయ్యి పెడితే కాలిపోతోంది. లుంగీ ఎగ్గట్టి వెనక్కి ఒక్క తన్ను తన్నా. నేరుగా వెళ్ళి టోక్యో గోల్‌లో పడింది!"

"మరి గోల్ ఎవరి పేరు మీద రాశారండీ?" అన్నాడు మనోహర్.

"వాడి పేరు మీదే. పోన్లే, ఇంకా కెరీర్ ఉన్న కుర్రాడు కదా అని ఊరుకున్నా."

"సాక్ష్యం ఉండాలిగా అన్నయ్యగారూ!" అంది పక్కింటి శశికళ.

ఆయన ఆ మాట కోసమే కాచుకున్నట్టు లేచి, పై అర మీంచి తుండుగుడ్డలో చుట్టిన మూట దించారు. "గురుదక్షిణ! లేసుల కింద చూడండి, జపాన్ అక్షరాల్లో వాడి పేరు!"

నీలం రంగు బూట్లు.

"ఇంత చిన్నవేంటండీ?" అన్నాడు మనోహర్.

"టెక్సాస్ ఎండకి ముడుచుకుపోయాయయ్యా!"

ఇషా దగ్గరికెళ్ళి చూసి, ఉండబట్టలేక అరిచేసింది. "అంకుల్! అందులో లాస్ట్ లెటర్ రాంగ్. ఆన్‌లైన్‌లో చూసి నేనే రాశాను, మార్కర్‌తో! ఇవి నావి!"

ఇషాకి అన్నీ గుర్తొచ్చాయి. "మీ ఇంట్లో వ్రతం రోజు ప్రాక్టీస్ నుంచి డైరెక్ట్‌గా వచ్చాను. డోర్ దగ్గర విప్పాను. బ్యాగ్‌లో ఉన్న స్లిప్పర్స్ వేసుకుని వెళ్ళిపోయాను."

"అయ్యో రాత! గుమ్మం దగ్గర మిగిలిపోయాయి, ఎవరివో కనుక్కుని ఇవ్వండి అని మీ చేతికే ఇచ్చాను కదండీ!" అంది ఛాయాదేవి.

వాసుదేవరావు ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చున్నారు. ఇషా అక్కడే నేలమీద చతికిలబడి బూట్లు తొడుక్కుంది. మడమకి ఎక్కడా ఒరుసుకోలేదు. సంతోషం పట్టలేక లేచి, ఖాళీ పేపర్ కప్పుని ఎడమకాలితో ఒక్కటి తన్నింది. అది డ్రైవ్‌వే మధ్యలో పడింది.

"అంకుల్, రేపు మార్నింగ్ ట్రయౌట్స్‌కి మీరు కూడా రండి," అంది. "బట్ నేను గోల్ కొడితే, అది నా పేరు మీదే ఉండాలి. ఓకే?"