ఆకువక్క లేని తీర్పు

ఎర్రోబులని ఉండె ఒకాయన, తప్పెట కొట్టేటాయన. రాజు మాట ఏదన్నా ఊర్లో చాటాలంటే ఆయప్పే చాటాల. ఊరికే చాటేది కాదు. ముందు కోట వాకిట్లో ఆకువక్క ఇయ్యాల, అది నడుం కాడ రొంటిన దోపుకోని అప్పుడు తప్పెట మీద దెబ్బ ఎయ్యాల. ఆకువక్క తీసుకోకుండా కొడితే అది చాటింపు కాదంట, పిల్లోళ్ళ ఆటంట. వాళ్ళ తాతలనాటి నుంచీ అదే కట్టు. ఆ కట్టంటే ఎర్రోబులుకు పాణమనుకో. కూడు లేకున్నా ఓర్చుకుంటాడు గానీ కట్టు తప్పితే ఓర్చుకోడు.

ఏమైందంటే, ఆ ఏడు వానల్లేవు. చెరువెండె, వాగెండె. కోటగోడ లోపల చేదబావి ఒకటుండాది, దాంట్లో మాత్రం తియ్యటి నీళ్ళు. ఆ బావి తవ్విందెవరబ్బా? గోడ బయట గుడిసెలోళ్ళే గదా! తవ్వేటప్పుడు వాళ్ళు కావాల. తాగేటప్పుడు రాజు ఏమన్నాడంట, గోడ బయటోళ్ళు ఈ బావి కాడికి రాగూడదు, వాళ్ళకు గొడ్లు తాగే కుంట ఉండాది గదా, ఆ నీళ్ళు చాల్లే అన్నాడంట. అని ఎర్రోబులును పిలిపించి ఆకువక్క ఇచ్చినారంట. ఎర్రోబులు గుడిసె యాడుంది? గోడ బయటే. వాని కూతురు సుంకి, నిండు చూలాలు, పురిటికని వచ్చి యాడుంది? గోడ బయటే. అయినా ఆకువక్క రొంటిన పడిందంటే ఇంకేంజేస్తాడు, కొట్టినాడు. గోడ బయటోళ్ళెవరూ మంచినీళ్ళకు రాగూడదహో అని తన నోటితో తానే చాటినాడు. ఆ పొద్దు వాని గొంతు ఎట్ల లేచిందో ఏమో నాకైతే తెలీదు నాయనా.

ఆ కుంట నీళ్ళు పచ్చగా, పురుగులు తేలతా. తాగినోళ్ళకల్లా వాంతులు, బేదులు. ముసలోళ్ళు పోతాండారు, సంకలో బిడ్డలు పోతాండారు. సుంకి మంచం పట్టింది. ఇంక జనానికి కడుపు మండిపోయింది. గుడ్డలుతికేటోళ్ళు, కుండలు చేసేటోళ్ళు, వీధులూడ్చేటోళ్ళు, అందరూ పని మానేసి ధర్మసభ ముందర కూర్చున్నారు. ధర్మసభంటే పెద్దలు, రాజు మాటనైనా ఇది న్యాయం, ఇది కాదు అని తేల్చేటోళ్ళు. కోట తరపున దివాను లేచి ఏమన్నాడంటే, అయ్యా, అట్లాంటి ఆజ్ఞే లేదు, వాళ్ళంతట వాళ్ళే బావికి రావడం లేదు, మేమేం చేస్తాం అన్నాడంట! ఎంత ధైర్యమో చూడండి. ఆజ్ఞ ఉందని ఎవరన్నా చెప్తారా అని పెద్దలడిగినారు. అప్పుడు ఎర్రోబులు లేచినాడు. నేను చెప్తా సామీ, కోట వాకిట్లో ఆకువక్క తీసుకున్నా, ఈ చేత్తోనే కొట్టినా. ఆకువక్క ఇచ్చి తప్పెట మోగితేనే అది ఆజ్ఞ. మోగలేదంటే ఎంత పెద్దోళ్ళు చెప్పినా అది ఉత్త మాటే. మా తాతలనాటి కట్టు సామీ అని రొమ్ము విరుచుకోని చెప్పినాడు. పెద్దలు తలలూపినారు. దివాను మొగం మాడింది. రాజు చేసింది తప్పు, బావి నీళ్ళు అందరివీ అని తీర్పు చెప్పినారు.

ఇంక చూస్కో, ఆ సంబరం! కడవలెత్తుకోని ఉరుకులు పరుగుల మీద బావి కాడికి పోయినారు. పోతే కావలోళ్ళు ఈటెలు అడ్డం పెట్టినారు. తీర్పొచ్చింది గదప్పా అంటే, చాటింపు యాడ అన్నారు. ఎర్రోబులు కోటకాడికి పోతే దివాను నవ్వి, ఇస్తాంలే ఆకువక్క, మంచిరోజు చూడాల గదా అన్నాడు. మళ్ళీ పోయినాడు, మళ్ళీ అదే మాట. ధర్మసభకు పోయి, సామీ, మీ తీర్పు నడవడం లేదని కాళ్ళ మీద పడినాడు. వాళ్ళేమన్నారో తెలుసునా? నువ్వే గదప్పా చెప్పింది, ఆకువక్క లేనిదే ఉత్త మాటని. మా పని తీర్పు చెప్పేంతవరకే, ఆకువక్క ఇచ్చేది కోట అన్నారు. తన మాటే తన గొంతుకు చుట్టుకుంది. వచ్చినదారిన ఇంటికొచ్చినాడు.

ఇంట్లో సుంకి, నాయనా, ఒక్క గుక్కెడు మంచినీళ్ళు అనింది. అంతే. తప్పెట తీసుకున్నాడు. రొంటిన ఏమీ లేదు. ఎర్రటెండలో కూడలికి పోయి కొట్టినాడు. బావి నీళ్ళు అందరివహో అని అరిచినాడు. జనం బావి కాడికి పోయినారు, కావలోళ్ళు కడవలు పగలగొట్టి, తలకాయలు పగలగొట్టి తరిమినారు. ఎర్రోబులును చేతులు కట్టి లాక్కోనిపోయినారు. ఆ సందట్లోనే సుంకి పోయింది. కడుపులో బిడ్డా పోయింది.

ధర్మసభలో పెద్దగా విచారణేముంది? ఆకువక్క లేకుండా కొట్టినాడు, తప్పే. తప్పెట లాక్కోని ఊర్నించి ఎళ్ళగొట్టమన్నారు. అయితే ఆ సంగతీ చాటాల గదా? చాటేదానికి వాడు తప్ప ఇంకెవరూ లేరాయె. దివాను నిమిషంలో ఆకువక్క తెచ్చి వాని చేతిలో పెట్టినాడు. చూలాలికి నీళ్ళు కావాల్సినప్పుడు దొరకని మంచిరోజు, వాళ్ళ నాయనను ఎళ్ళగొట్టేదానికి ఆ పొద్దే దొరికిందంట! ఎర్రోబులు ఆకువక్క రొంటిన దోపుకున్నాడు. తప్పెట మీద దెబ్బేసి, ధర్మసభ తీర్పహో, బావి నీళ్ళు అందరివహో అన్నాడు. దివాను ఎగిరెగిరి పడినాడు. పెద్దలు ఒకరి మొగం ఒకరు చూసుకోని, ఆకువక్క పడింది, తప్పెట మోగింది, ఇంక మనమేం చేసేది అన్నారు.

కావలోళ్ళు పక్కకు తప్పుకున్నారు. జనం నీళ్ళు చేదుకున్నారు. ఎర్రోబులు ఒక చెంబెడు చేది, తాను గొంతు తడుపుకోలేదు, కూతుర్ని పూడ్చిన పచ్చిమట్టి మీద పోసినాడు. తప్పెట కోట వాకిట్లో పడేసి పోయినాడు. మళ్ళీ ఎవరికీ అగపడలేదు.

అయితే కథ అయిపోయిందనుకుంటాండారా? మర్నాడు పోతే బావికి ఇనప గిలక, కొత్త చేంతాడు. ఇదేందంటే, నీళ్ళు అందరివీ అన్నారు గానీ చేంతాడు అందరిదీ అన్నారా, అది కోటది, ముట్టుకోవాకండి, గిలకా కోటదే, దాని మీద ఇంకో తాడు ఎయ్యవాకండి అన్నారంట. ఆ చేంతాడు సంగతి మీద ధర్మసభ కూర్చోనుంది. ఇంకా కూర్చోనే ఉంది. రేపు తీర్పు మనవైపే వస్తుందనుకో, చాటేదానికి ఎర్రోబులు యాడున్నాడబ్బా?