గాలి మీద తేలే ముల్లు

సీలేరు పవర్‌హౌస్ ఫిట్టరు సమూయేలు రికార్డు ప్లేయరుకు ముల్లును పట్టుకునే చెయ్యి మూడోసారి కొత్తది బిగించి, చర్చిలో మూలపడేసిన హార్మోనియాన్ని భార్య తెరిసమ్మ ముందు పెట్టాడు.

“మళ్ళీ ఏటండీ ఇది? మొదటిదానికి ఏటొచ్చింది?”

“అది ఒక మూల నుంచి తిరుగుతాది. రికార్డు మధ్యకొచ్చేసరికి ముల్లు వంకరగా రాసుకుంటాది. ఇది గాలి మీద తేలి, తిన్నగా జరుగుతాది. మా టర్బైన్ షాఫ్టు నూనె మీద తేలినట్టే.”

“పోయిన నెల సేసిందీ గాలిదే కదా?”

“దాని గాలిగొట్టం చేతితోపాటు కదిలేది, వెనక్కి లాగీసేది. ఇప్పుడు కదలని పైపుకే సన్న బెజ్జాలేసేను. సేపలతొట్టి పంపు పెడితే ముల్లు వణికింది. ఈ హార్మోనియం తిత్తి గాలైతే నిలకడగా వస్తాది. నువ్వు ఆడించు. ఆగితే మాత్రం చెయ్యి కూలబడి రికార్డు గీసుకుపోద్ది.”

“నాన్న రికార్డైతే ఆఖరి పాట వద్దండీ. అందులో నాన్న గొంతు జీరపోయింది. అది విన్నాకే కదా, చర్చిలో పాడ్డం మానీసేడు.”

“ఆఖరి పాటుండేది రికార్డు మధ్యలోనే కదా. ఆ పాట కోసమే ఇదంతా.”

తెరిసమ్మ పళ్ళు బిగించి తిత్తి ఆడించసాగింది. ముల్లు ఆఖరి పాట మీద వాలింది. ఎప్పుడో పోయిన తండ్రి గొంతు, ఎక్కడా జీర లేకుండా, పైస్థాయి దాకా తేటగా ఎక్కింది.

“బాగానే పాడేడండీ... నాన్న బాగానే పాడేడు.”

ఆమె చెయ్యి జారబోయింది.

“ఏడుపొస్తే ఏడు, తెరిసా. తిత్తి మాత్రం ఆపకు.”