తెర తుడుస్తూ

శంషాబాద్ బస్టాండు పక్కన లాప్‌టాప్‌లు బాగుచేసే చిన్న దుకాణం అది. వచ్చినవాళ్లంతా దాన్ని నడిపే కుర్రాణ్ని 'అన్నా' అనే పిలుస్తారు. సాతంరాయి నుంచి వచ్చే ఆ అమ్మాయి మాత్రం, ఇది మూడోసారి రావడం, ఒక్కసారి కూడా అలా పిలవలేదు.

"తెర మొత్తం నల్లగైంది. ఏం కనిపిస్తలేదు."

"జర ఆగు, టార్చి కొట్టి చూస్త. ఆఁ, లోపల బొమ్మ మసకమసక కనిపిస్తున్నది. తెర మంచిగనే ఉన్నది, వెనకాల లైటే వెలుగుతలేదు. నీళ్లు గిట్ల పడ్డయా?"

"దసరాకు అమ్మ పూజ చేసి పసుపునీళ్లు చల్లింది."

"లాప్‌టాప్ మీదనా!" అంటూ తెర చట్రం విప్పాడు. "ఇగో చూడు, వైరు కొసకు పసుపు పట్టింది. తుడిచి పెడితే సరిపోతది."

"తెర మార్చాలంటవేమో, వారం పడతదేమో అనుకున్న."

"వారం పడితే ఏం చేస్తుంటివి?"

"మల్ల వస్తుంటి."

అతను తల ఎత్తలేదు. ఆమె గొంతు తగ్గించి అంది.

"ఆదివారం నన్ను చూడనీకి తుక్కుగూడ నుంచి వస్తున్నరు."

"పిలగాడు ఏం చేస్తడట?"

"ఏర్‌పోర్టుల కొలువు."

"మంచిదే."

"మంచిదేనా?"

అతను మెత్తటి బట్టతో తెరను తుడుస్తూనే ఉన్నాడు.

"ఇంకెంతసేపు పడతది?"

"ఎప్పుడో అయిపోయింది. ఊకెనే తుడుస్తున్న."

ఆమె స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"తుడువు. ఆదివారానికి ఇంక నాలుగు దినాలున్నయి."