‘పిచ్చుక’ తలుపు నేను మూయలేదు

నా పేరు మీ కాగితం మీద ముందే రాసుకున్నారు, అదే. షూటింగుల్లో మాత్రం అందరూ కథలక్క అంటారు, ఆ పేరుతో పిలిస్తేనే చప్పున పలుకుతాను. వయసు యాభై రెండు. వృత్తి టీవీ సీరియల్స్ రాయడం. ప్రస్తుతం రాస్తున్నది ‘చుక్కల అవతల’ అనే అంతరిక్షం సీరియల్. ఆ ‘ప్రస్తుతం’ అన్న మాట కొట్టెయ్యకండి ఎస్సై గారూ. ఈ పొద్దున ఆ మాట అనగలనో లేదో నాకే తెలీదు.

నా మీద ఫిర్యాదు ఇచ్చింది మా కొత్త నిర్మాతగారి బావమరిది. నేను నిర్మాతగారిని సెట్లోకి పిలిచి తలుపేసి, చంపేస్తానని బెదిరించి, సీరియల్ ఆపనని ఆయన చేత ఒప్పించబోయానట. ఇందులో సెట్లోకి పిలవడం ఒక్కటే నిజం.

మా సీరియల్లో ‘పిచ్చుక’ అని ఒక ఓడ ఉంది. భూమి నుంచి బయల్దేరి, ఎక్కడో ఉన్న కొత్త లోకాన్ని వెతుక్కుంటూ ఏడేళ్ళుగా పోతోంది. దాని కెప్టెన్ ఒకావిడ. ఆ వేషం వేసే నటిని మేము బయట కూడా కెప్టెన్ అనే పిలుస్తాం, కూరగాయల కొట్టాయన కూడా అలాగే పిలుస్తాడు. పాత నిర్మాత పెద్దాయన. ఆయనకి సైన్సులో ఓనమాలు తెలీవు. అయినా, “ఇలా జరగదని ఎవడైనా అంటే నా దగ్గరికి పంపమ్మా, నేను చూసుకుంటా” అనేవారు. ఆయనకి ఓపిక తగ్గి కంపెనీ అమ్మేశారు.

కొన్నాయనది సోఫాల వ్యాపారం. వచ్చీ రాగానే హెల్మెట్లు తీయించారు. “మొహం కనపడకపోతే హీరోయిన్ ఎవరో ఎలా తెలుస్తుందమ్మా?” అన్నారు. “బయట గాలి ఉండదండీ” అన్నాను. “ఫ్యాను పెట్టిస్తాను” అన్నారు. నవ్వకండి, పెట్టించారు కూడా. ఆ ఎపిసోడ్లో కెప్టెన్ చుక్కల మధ్య నిలబడితే జుట్టు ఎగురుతూ ఉంటుంది. తర్వాత ఓడలోకి సోఫా వచ్చింది. సోఫా మీదకి ఒక అత్తగారు వచ్చారు. ఆవిడ ఓడలోకి ఎక్కడ ఎక్కారని చూసేవాళ్ళు అడిగారు. నేను కూడా అడిగాను.

చూసేవాళ్ళు తగ్గిపోయారు. తప్పంతా ఓడదేనని ఆయన తేల్చేశారు. ఈ పొద్దున నన్ను పిలిచి, “పిచ్చుకని వెనక్కి తిప్పి భూమ్మీద దించెయ్యమ్మా. వచ్చే వారం నుంచి అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఓడ విప్పేసి వంటిల్లు కట్టిస్తాను” అన్నారు. ఏడేళ్ళు నడిపిన ఓడ సార్ అది. “ఒక్కసారి లోపలికి వచ్చి చూడండి. ఆ తర్వాత విప్పుకోండి” అన్నాను. పిలిచింది నేనే. అంతవరకూ ఒప్పుకుంటాను.

తలుపు సంగతి ఇప్పుడు చెప్పాలి. పిచ్చుకని పాత బస్సు రేకులతో కట్టాం. తలుపు పక్కకి జరుగుతుంది. టీవీలో చూస్తే, బటన్ నొక్కి ‘పిచ్చుకా, దారి’ అనగానే దానంతటది తెరుచుకుంటుంది. ఆ బటన్ ఒక సబ్బుపెట్టె మూత. గోడ వెనక అన్నదమ్ములిద్దరు తాడు పట్టుకుని నిలబడి, ఆ మాట వినగానే లాగుతారు. వాళ్ళని మేము పెద్ద తలుపు, చిన్న తలుపు అంటాం. తాడు వదిలేస్తే ఇసుక మూట బరువుకి తలుపు మూసుకుపోతుంది. లోపల పిడి లేదు. ఓడ తలుపుకి పిడేమిటని పెద్దాయనే వద్దన్నారు. షూటింగ్ లేనప్పుడు కూడా మేము ఆ మాట అన్నాకే తలుపు దాటుతాం. అది తెరుచుకోని రోజు లేదు.

ఆ అన్నదమ్ములిద్దర్నీ నిర్మాతగారు ఈ పొద్దునే పనిలోంచి తీసేశారు. “బటన్ ఉండగా తలుపుకి ఇద్దరు మనుషులెందుకు?” అన్నారట. వాళ్ళని తీసేసిన సంగతి నాకు తెలీదు. బటన్ సంగతి ఆయనకి తెలీదు.

పదకొండు గంటలప్పుడు కెప్టెన్‌ని కూడా తోడు తీసుకుని ముగ్గురం సెట్టు దగ్గరికి వెళ్ళాం. తలుపు మూసుకోకుండా రంగు డబ్బా ఒకటి అడ్డం పెట్టి ఉంది. ఫోన్లు బయట బుట్టలో వేశాం. అంతరిక్షంలో ఫోన్ మోగకూడదని పెద్దాయన పెట్టిన పద్ధతి అది. కెప్టెన్ ఓ చూపు చూసేసరికి నిర్మాతగారు కూడా నోరెత్తకుండా తన ఫోన్ బుట్టలో పెట్టేశారు. ముందు కెప్టెన్, వెనక నేను, ఆఖర్న ఆయన. ఆయన ఆ డబ్బాని బూటుతో పక్కకి నెట్టారు. తలుపు మూసుకుంది. మూసింది ఆయన బూటు. ఇది కాస్త పెద్ద అక్షరాలతో రాయండి.

ఆయన చుట్టూ చూసి, “ఇంతేనా?” అన్నారు. వెళ్ళిపోదామని బటన్ నొక్కారు. “పిచ్చుకా, దారి” అన్నారు. సిగ్గుపడుతూ అన్నారు గానీ, అన్నారు. ఆయనకి ఆ మాట తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

తెరుచుకోలేదు. నేను అన్నాను. తెరుచుకోలేదు. కెప్టెన్ గొంతు పెంచి అంది. తెరుచుకోలేదు.

“తలుపులేరీ?” అంది కెప్టెన్.

“తలుపులేంటమ్మా?”

“అన్నదమ్ములండీ. తాడు లాగేవాళ్ళు.”

ఆయన బటన్ మళ్ళీ నొక్కారు. “పొద్దునే పంపించేశానే!” అన్నారు.

నేను రేకు సందులో వేళ్ళు దూర్చి లాగాను. కుడి అరచెయ్యి కోసుకుపోయింది. తలుపేసినదాన్నైతే చెయ్యెందుకు కోసుకుంటాను? అరిచాం. వినేవాళ్ళు లేరు. బావమరిదిగారు పక్క సెట్టులోని వంటింటి కొలతలు తీసుకోవడానికి వెళ్ళారు.

నిర్మాతగారు సోఫాలో కూలబడ్డారు. చెమటలు కారిపోతున్నాయి. “నాకు ఇరుకు గదులు పడవు కథలక్కా. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు” అన్నారు. నాకొచ్చింది ఒకటే. వచ్చే వారానికి రాసిపెట్టిన, ఆయన వద్దన్న ఎపిసోడ్ చెప్పడం మొదలుపెట్టాను.

ఓడలో అందరూ నిద్రపోతున్నారు. కెప్టెన్ ఒక్కతే మెలకువగా ఉంది. చుట్టూ ఎంత దూరం పోయినా ఏమీ లేదు, ఎవరూ లేరు. అప్పుడు బయట్నుంచి ఎవరో తలుపు తట్టారు.

“బయట ఎవరుంటారు? అక్కడ గాలే ఉండదుగా!” అన్నారు నిర్మాతగారు.

ఆయన నోట ఆ మాట విన్నాక నా చెయ్యి నొప్పి నాకు తెలిస్తే ఒట్టు. తలుపు తెరిస్తే లోపలి గాలంతా పోయి అందరూ చస్తారు, తెరవకపోతే బయట ఉన్నదెవరో ఎప్పటికీ తెలీదు అన్నాను. మళ్ళీ తట్టారు అన్నాను. కెప్టెన్‌కి ఆ దృశ్యం కంఠతా వచ్చు, లేచి బటన్ దగ్గరికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే నిజంగా ఎవరో దబదబా తలుపు బాదారు.

నిర్మాతగారు సోఫాలోంచి ఒక్క గెంతు గెంతి కెప్టెన్ చెయ్యి పట్టుకుని, “తెరవద్దు! తెరిచావంటే అందరం చస్తాం!” అని అరిచారు.

బయట బాదింది బావమరిదిగారు. ఆయన విన్నది ఈ అరుపే, సరిగ్గానే విన్నారు. విని మీ దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. మీ కానిస్టేబుళ్ళిద్దరూ వచ్చి, మేము లోపల్నుంచి అరిచి చెబితే తాడు లాగారు. బాగా లాగారు, అలవాటున్నవాళ్ళలాగే లాగారు.

తర్వాత జరిగింది మీ ఎదురుగానే. నిర్మాతగారు ఈ బల్ల దగ్గరికి వచ్చి, “కేసు వద్దండీ. అమ్మా, తట్టిందెవరో చెప్పు, ఇంటికి పోదాం” అన్నారు.

“చెప్పనండీ. వచ్చే వారం టీవీలో చూడండి” అన్నాను.

“వచ్చే వారం వంటిల్లు కదా.”

“మీ ఇష్టం. వంటిల్లైతే ఇంక ఎప్పటికీ తెలీదు.”

“చూశావా బావా, మళ్ళీ బెదిరిస్తోంది!” అన్నారు బావమరిది.

ఇది బెదిరింపే అయితే ఈ ఒక్క నేరం ఒప్పుకుంటున్నాను, రాసుకోండి. ఇరవై ఏళ్ళుగా వారం వారం జనాన్ని ఇలాగే బెదిరిస్తున్నాను.

నిర్మాతగారు బావమరిదిని చేత్తో పక్కకి జరిపారు. తర్వాత ఫోన్ తీసి, “పెద్ద తలుపూ, నేనే. రేపు మీ ఇద్దరూ పనిలోకి రండి. ఆ హెల్మెట్లు ఎక్కడ పడేశారో కూడా వెతకండి” అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఈ గదిలో ఏడ్చినవాళ్ళని మీరు చాలామందిని చూసుంటారు. గెలిచి ఏడ్చినవాళ్ళు తక్కువ. పిచ్చుక ఎగురుతుంది సార్. అత్తగారు దిగిపోతారు. సోఫా మాత్రం ఉంటుంది, అంతవరకు రాజీపడ్డాను.

తలుపు తట్టిందెవరని తమరు కూడా రెండుసార్లు అడిగారు. దానికీ కేసుకీ సంబంధం లేదు కనుక చెప్పడం లేదు.

ఇది నా నోటితో చెప్పిన మాట. చదివి వినిపించారు, విన్నాను. రెండు చోట్ల వాక్యం మార్చమని నేనంటే మీరు మార్చలేదు, నాకది అలవాటే. కథలు అల్లుకుని బతికే మనిషిని కనుక గట్టిగా చెబుతున్నాను, ఇందులో అల్లింది ఒక్కటీ లేదు. కుడిచెయ్యి కట్టులో ఉండి సంతకం కుదరక ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)

ముద్ర నా ఎదుట వేశారు. సాక్షి సంతకం:
నిర్మాత, ‘చుక్కల అవతల’