రెండు గళ్ల మాస్టారు

ఏంట్రా నాన్నా, ఈ అట్టలూ స్కెచ్ పెన్నులూ అన్నీ నా మంచం మీదే పరిచావు? ప్రాజెక్టా? మీ ఐదో క్లాసు పిల్లల చేత చేయించడానికా? ఏం చెయ్యాలట వాళ్లు? వీధిలోకి వెళ్లి నలుగురినీ అడిగి, ఏ కొట్టు ఎప్పుడు పెట్టారో కనుక్కుని రావాలా. బాగుందిరా. మరి ఆ అట్ట మధ్యలో నిలువు గీత ఎందుకు? ఇటు చూసింది, అటు విన్నదా? ఆగాగు. ఇది నీకెవరు చెప్పారు? ట్రైనింగులోనా? కాదురా, ఇది మా మాస్టారిది. అరవై ఏళ్ల కిందటి సంగతి. మా అందరి అట్టల మీదా ఇలాగే చూసిందొక గడి, విన్నదొక గడి గీయించేవారు, అందుకే ఆయన్ని మేం రెండు గళ్ల మాస్టారు అనేవాళ్లం. పొడుగ్గా ఉండేవారు... పొడుగేనా? నేను పొట్టిదాన్ని కదా, అందుకని అలా కనిపించారేమో. అదీ చెప్పలేను ఇప్పుడు. చేతిలో ఎర్ర పెన్సిలు మాత్రం ఖాయం. ఎవరేం చెప్పినా, "చూశావా, విన్నావా?" అనేవారు, కాస్త ముక్కుతో మాట్లాడుతూ. మా నాన్నకి జ్వరమండీ అన్నా సరే, "నుదురు పట్టుకుని చూశావా, మీ అమ్మ చెబితే విన్నావా?" ఒళ్లు మండేదనుకో.

ఆ ఏడు బడి తొట్టిలో నీళ్లు వాసన కొట్టడం మొదలెట్టాయి. సగం క్లాసుకి కడుపునొప్పులు. ఇంకొకరైతే ఒక అర్జీ రాసి పడేసి ఊరుకునేవారు. ఈయన "కనుక్కుందాం పదండి" అన్నారు. నేల మీద సుద్దముక్కతో వీధి మొత్తం గీయించారు, కాలువ ఎక్కడ, అందులోంచి బడి తొట్టికి నీళ్లొచ్చే గొట్టం ఎక్కడ, బట్టలకి రంగులద్దే కార్ఖానా ఎక్కడ. ఒక్కో చోట నీళ్లు సీసాలో పట్టి, చీటీ అంటించి, తేదీ వేసి, కిటికీలో వరసగా పెట్టాం. నేను మా అమ్మ నూనె సీసా కూడా ఒంపేసి పట్టుకుపోయాను, ఇంటికొచ్చాక వీపు విమానం మోత మోగింది. సరే, అదెందుకిప్పుడు. ఏం చెబుతున్నాను? ఆఁ, సీసాలు. కార్ఖానా దాటాక పట్టిన సీసాల్లోనే అడుగున రంగు పేరుకుంది. అంటే వాళ్లే పారబోస్తున్నారు. కానీ పోస్తుండగా ఎవరో ఒకరు చూడాలి కదా. ఆ పని నాకిచ్చారు, మా ఇల్లు ఆ పక్కనే కాబట్టి. మూడు రోజులు పొద్దున్నే కార్ఖానా వెనక నిలబడి, చూసింది రాయాలి. మంగళవారం, బుధవారం నిలబడ్డాను. ఒక కుక్క తప్ప ఏమీ లేదు. అలాగనే గుర్తు. గురువారం నిద్ర లేవలేదురా. లేచేసరికి మా అక్క పాలగిన్నె దించుతూ, "కార్ఖానా బండివాడు పీపా ఎత్తి కాలువలో వంపేశాడే, ఎర్రగా, నా కళ్లతో చూశా" అంది. అప్పుడే చూసొచ్చి చెప్పిందా, ముందు రోజు చూసింది చెప్పిందా? అడగలేదు. బడికెళ్తే అందరి అట్టల్లోనూ చూసిన గళ్లు నిండిపోయి ఉన్నాయి, ఎర్ర పెన్సిలు టిక్కులతో. నాది బోసిగా ఉంది. రాసేశాను. చూసిన గడిలోనే.

మాస్టారు ఎంత మురిసిపోయారో. సీసాలన్నీ బుట్టలో సర్దుకుని, మమ్మల్ని వెంటేసుకుని మునిసిపల్ ఆఫీసుకి బయల్దేరారు. అక్కడ పొడుగాటి బల్ల, దాని మీద ఆకుపచ్చ గుడ్డ. కార్ఖానా యజమాని కుర్చీలో వెనక్కి వాలి, "వంపుతుంటే ఎవరు చూశారండీ?" అన్నాడు తాపీగా. "మా పిల్ల చూసింది" అన్నారు మాస్టారు. మా పిల్ల అన్నార్రా నన్ను. "ఏ రోజమ్మా?" గురువారమండీ అన్నాను. యజమాని నవ్వాడు. గురువారం వాళ్ల బండి ఇరుసు విరిగి కమ్మరి కొట్లో పడి ఉందట. కమ్మరిని పిలిస్తే వచ్చి, అవునండీ అన్నాడు. అంతే, ఇక ఆ సీసాల వంక చూసినవాళ్లు లేరు. "పిల్లలకి అబద్ధాలు నేర్పి పెద్దమనుషుల మీదకి తోలుతారా?" అని ఆఫీసరు కేకలేశాడు. నెల తిరక్కుండా మాస్టారి ఉద్యోగం ఊడింది. ఆ నీళ్లే మేం ఇంకో మూడేళ్లు తాగాం. వెళ్లేరోజు ఆయన నన్ను పిలిచారు. తిడతారనుకున్నాను, తిట్టినా బాగుండేది. నా అట్ట నా చేతిలో పెట్టి, "చూశావా, విన్నావా?" అన్నారు. రోజూ అడిగినట్టే అడిగారు. చూశానండీ అన్నానురా. అప్పుడు కూడా! తలూపి వెళ్లిపోయారు. నమ్మారో లేదో తెలీదు. తర్వాత ఎక్కడున్నారో కూడా తెలీదు. పోయారని ఎవరో అంటే విన్నాను.

అబద్ధమేగా అంటావా? అదేరా నాకు తేలనిది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆ బండి కనిపిస్తుంది. పీపా కనిపిస్తుంది. ఆ బండివాడి చొక్కా కుడి చెయ్యి చిరిగి ఉంది. చొక్కా సంగతి అక్క చెప్పలేదే! మరి నాకెలా తెలుసు? బుధవారం నేనే చూసి, రోజు తప్పు చెప్పానా? చూస్తే మరి ఆవేళే ఎందుకు రాయలేదు? లేకపోతే కమ్మరే అబద్ధమాడాడా? లేకపోతే ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుని చెప్పుకుని, ఆ చొక్కా కూడా నేనే చింపానా? అక్కని అడుగుదామంటే అదీ లేదు. ఆయన బతుకు పాడుచేశానని ఒక రోజు ఏడుస్తాను. మర్నాడు, నేను చెప్పింది నిజమే మాస్టారూ అని ఎవరికి చెప్పుకోను అని ఏడుస్తాను. తికమకైపోతుందిరా బుర్ర.

ఏం రాస్తున్నావు? నేను చెప్పిందా? పిల్లలకి నమూనాగా చూపిస్తావా? చూపించుకో, నాదేం పోయింది. ఇంతకీ ఏ గడిలో రాశావు?

వద్దు, ఇటు తిప్పకు. ఆ అట్టలు తియ్యి, కాసేపు నడుం వాల్చాలి.