రెండు గీతలు తక్కువ

ఆ కుర్చీలో కాదండీ! అయ్యో, అందులో వద్దు, లేవండి. ఇదుగో, ఈ స్టూలు లాక్కోండి. దాని కాలు ఊగుతుంది, పడిపోతారు.

అలా వంగి చూడకండి మరి. సరే, ఊగదు. వడ్రంగి మేస్త్రీ దగ్గర కుర్చీ కాలు గురించి అబద్ధం చెప్పాను చూడండి, నా తెలివి తెల్లారినట్టే ఉంది. కాలు బాగానే ఉంది. ఐదు నెలలుగా అందులో ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు, అంతే.

మీ అమ్మాయి కూర్చుంది అందులో. చివరిసారి వచ్చినప్పుడు.

మంచినీళ్ళు తాగుతారా? వద్దా? పోనీలెండి. ఏం రాసుకొచ్చారు, ఇలా ఇవ్వండి. "మా అమ్మాయి ఇక్కడ వదిలి వెళ్ళిన థీసిస్ పుస్తకాలు నాలుగు తిరిగి ఇప్పించగలరు." అంతేనా? ఇంకేం అడగరా? డిగ్రీ సంగతి?

ఓహో. కమిటీవారి ఉత్తరం అందింది కదూ. "సమర్పణకు ముందే అభ్యర్థి మరణించినందున రిజిస్ట్రేషన్ రద్దయినది." ఒకే ఒక్క వాక్యం. చూడకుండా చెప్పేశానని ఆశ్చర్యపోతున్నారా? టైపు చేసింది నేనేనండీ.

ఈ ఎం.ఫిల్.కి నిబంధనలు మొత్తం ఇరవై మూడు. రెండేళ్ళ గడువు, ఆ పైన ఆరేసి నెలల పొడిగింపులు రెండు, సెమినారు, గైడుగారి సంతకం, నాలుగు ప్రతులు... నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పదిహేడోది మాత్రం ఎవరూ చదవరు. చదవాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు కూడా.

ఏముందంటే, పుస్తకాలు ఇక్కడ తీసుకున్నాక అభ్యర్థి పోతే, పరీక్షకులు బాగుందంటే చాలు, డిగ్రీ ఇస్తారు. అందరి ముందూ పేరు పిలుస్తారు. ఇంట్లోవాళ్ళెవరో వెళ్ళి అందుకుంటారు. తీసుకోకముందే పోయారా, ఇంక ఏమీ లేదు. మూడేళ్ళ చదువూ లేదు, పేరూ లేదు. ఈ రెంటికీ మధ్య ఉన్నదల్లా ఒక రబ్బరు ముద్ర. "స్వీకరించడమైనది" అని ఉంటుంది, కింద తేదీ.

ఆ ముద్ర నా చేతిలో ఉంటుంది.

నా గురించి ఇంట్లో ఏమైనా చెప్పేదా? మొహమాటపడకండి, పిల్లలందరికీ తెలుసు. "స్కేలు మాస్టారు" అంటారు నన్ను. నేనేం పాఠాలు చెప్పేవాణ్ణి కాదు, ఉత్త గుమాస్తాని. వచ్చిన ప్రతి థీసిస్‌కీ స్కేలు పెట్టి కొలుస్తానని ఆ పేరు పెట్టారు. బైండింగ్ వైపు ఒకటిన్నర అంగుళం ఖాళీ వదలాలి. తొమ్మిదో నిబంధన. అది పట్టుబట్టి పెట్టించిందే నేను.

పిచ్చాడనుకోకండి. లైబ్రరీలో పాత పుస్తకాలు తెరిచి చూడండి, బైండరు కుట్టేసరికి ప్రతి వరుసలోనూ మొదటి మాట లోపలికి పోయి ఉంటుంది. ఎవరో పాపం ఏళ్ళ తరబడి రాసుకుంటే సగం దారానికే సరిపోయింది. పిల్లల మంచి కోరే పెట్టించానండీ. నమ్ముతారా?

నమ్మకపోయినా ఫర్వాలేదులెండి.

ఆ రోజు మీ అమ్మాయికి ఆఖరి రోజు. గడువుకి, అంటున్నాను. రెండు పొడిగింపులూ అయిపోయాయి. సాయంత్రం ఐదింటికి పది నిమిషాలు తక్కువ. నాలుగు పుస్తకాలూ గుండెలకి హత్తుకుని రెండంతస్తులు ఎక్కి వచ్చింది. లిఫ్టు పనిచేయడం లేదు, దాని గురించి నేను మూడుసార్లు రాశాను, ఎవడు పట్టించుకుంటాడు? వచ్చి, ఆ కుర్చీలో కూలబడింది. చేతికి ఆసుపత్రివాళ్ళు కట్టే ప్లాస్టిక్ పట్టీ ఉంది. చూశానండీ. చూసి కూడా, ఏమ్మా ఒంట్లో బాగాలేదా అని ఒక్క మాట అడగలేదు. కాగితాలు అడిగాను.

అన్నీ ఉన్నాయి. గైడుగారి సంతకం ఉంది, సెమినారు సర్టిఫికెట్ ఉంది, పుస్తకాలన్నీ తిరిగిచ్చినట్టు లైబ్రరీ చీటీ ఉంది. ఇంక స్కేలు పెట్టాను.

రెండు గీతలు తక్కువ వచ్చింది.

"ఇలా తీసుకోవడం కుదరదమ్మా. మళ్ళీ ప్రింటు తీయించి, ప్రత్యేక అనుమతి తెచ్చుకో" అన్నాను. పుస్తకాలు వెనక్కి తోశాను. ఆ పిల్ల వాదించలేదు. "ఇంకోసారి కొలుస్తారా సార్? నేను ఇంట్లో కొలిచాను, సరిగ్గానే వచ్చింది" అంది. అది కూడా మెల్లగా.

నేనేమన్నానో తెలుసా? "కొలిచిందే కొలవడానికి ఇదేమైనా బట్టల కొట్టా?" అన్నాను.

వెనకాల హాల్ టికెట్ల కోసం నిలబడ్డవాళ్ళు గొల్లున నవ్వారు. నాకూ హుషారుగానే అనిపించింది, ఉన్నమాట చెప్పాలిగా. సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పాను ఆ జోకు.

మీ అమ్మాయి పుస్తకాలు దగ్గరికి తీసుకుంది. తర్వాత లేచి, "ఇవి మళ్ళీ మొయ్యలేను సార్, ఇక్కడే ఉంచండి, రేపొచ్చి తీసుకుంటాను" అని పుస్తకాలు నాలుగూ ఆ కుర్చీలో పెట్టి వెళ్ళింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. విసుక్కున్నాను కూడా, ఈ కాలం పిల్లలకి బాధ్యత లేదని. పన్నెండు రోజులకి గైడుగారు వచ్చి చెప్పారు.

ఆయన వెళ్ళాక ఒక పుస్తకం తీశాను. ఎందుకు తీశానో నాకే తెలీదు. నా స్టీలు స్కేలు పెట్టి కొలిచాను. సరిగ్గా ఒకటిన్నర. స్కేలు జరిగిందేమోనని మళ్ళీ పెట్టాను. ఒకటిన్నరే. ఇంకో పేజీ, ఇంకో పేజీ... నూట తొంభై రెండు పేజీలూ కొలిచానండీ, ఉన్న పనంతా పక్కనపెట్టి. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

మరి ఆ రోజు ఎందుకు తక్కువొచ్చింది? అడగండి. మీరు అడగరు, నాకు తెలుసు. మీలాంటివాళ్ళు గట్టిగా అడిగితే నా ప్రాణానికి హాయిగా ఉండేది.

ఆ రోజు నా స్కేలు పక్క సెక్షన్ టైపిస్టు పట్టుకెళ్ళింది. స్టోర్స్ నుంచి వచ్చిన కొత్త ప్లాస్టిక్ స్కేలుతో కొలిచాను. ఇదుగో, ఇదే. చూడండి.

ఆ. అదే. మీ గోరు సరిగ్గా అక్కడికే వెళ్ళింది.

దీనికి అంచు దగ్గర సున్నా లేదు. అంచు తర్వాత కాస్త ఖాళీ వదిలి, అక్కడ సున్నా గీత పెట్టారు. నా స్టీలు స్కేలుకి అంచే సున్నా. ఇరవై రెండేళ్ళ అలవాటు నాది, అంచుని మడతలోకి నొక్కడం, అంకె చదవడం. సున్నా ఎక్కడుందో ఎవడు చూస్తాడండీ? మీ దగ్గర పనిలో చేరినవాడికి మొదటి రోజే తెలిసిపోయే సంగతి ఇది. నాకు తెలిసేసరికి ఇంత జరిగిపోయింది.

అప్పట్నుంచీ ఐదింటికి పది నిమిషాలుందనగా ఆ కుర్చీ కిర్రుమంటుంది. ఖాళీ కుర్చీ. చెక్క ఎండకి అలా అంటుందంటారా? మీరంటే కాదనను, మీ విద్య అది. మరి "ఇంకోసారి కొలుస్తారా సార్" అని వినపడేది కూడా చెక్కేనా? ఇక్కడొక్కచోటే కాదు, ఇంట్లోనూ వినపడుతుంది. కొలుస్తూనే ఉన్నాను. గుమ్మం కొలుస్తాను, మంచం కొలుస్తాను. "ఇల్లేమైనా అమ్మేస్తున్నామా?" అంది మా ఆవిడ. ఏం చెప్పను? నువ్వు నవ్విన జోకు ఇలా అయిందే అని చెప్పనా?

ఇవిగో పుస్తకాలు. తీసుకోండి. చెదపురుగులు ఏ చెక్కని ముట్టుకోవు, ఎందుకు ముట్టుకోవు అని రాసింది. నేను చదివానండీ మొత్తం. ఇన్నేళ్ళలో నేను పక్కనున్న ఖాళీని కొలిచి వదిలెయ్యకుండా రాత చదివిన థీసిస్ ఇదొక్కటే. మొదటి పేజీ చూశారా మీరు? చూపించలేదా? డిగ్రీ వచ్చాక ఒక్కసారే చూపిద్దామనుకుందేమో.

"కొలవడం నేర్పిన నాన్నకి."

ఏడవకండి. కాదు కాదు, ఏడవండి. వద్దనడానికి నేనెవర్ని.

ఇంకా ఉంది, పూర్తిగా వినండి. కమిటీ నన్ను అడిగింది, ఆ రోజు ఏం జరిగిందని. "అభ్యర్థి నిబంధనల ప్రకారం సమర్పించలేదు" అని రాసిచ్చాను. అప్పటికి నాకు స్కేలు సంగతి తెలుసు. తెలిసే రాశాను. రెండు నెలల్లో రిటైరవుతున్నాను, ఈ వయసులో విచారణ, సంజాయిషీ, నలుగురూ నవ్వడం... భయమేసిందండీ. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని చాలా వెతికాను.

ఇదుగో, ఈ కాగితం చదవండి. "ఆఖరి తేదీన ఐదు గంటల లోపే అభ్యర్థి నాలుగు ప్రతులూ నా బల్ల మీద పెట్టినది. అన్నీ నిబంధనల ప్రకారమే ఉన్నవి. కొలత తప్పు నాది. తర్వాత కమిటీకి రాసిచ్చినది అబద్ధం." కింద నా సంతకం. ఇది అందితే కమిటీ మళ్ళీ కూర్చోవాల్సిందే. పదిహేడో నిబంధన ఉంది, ఎవరూ కాదనలేరు.

ఇది పన్నెండో కాగితం. పదకొండు నేనే రాసి నేనే చింపాను. రిజిస్ట్రారుగారి ఆఫీసు కింది అంతస్తులోనే ఉంది. ముప్పై ఆరు మెట్లు. సగం దిగేసరికి కాగితం ముక్కలై నా జేబులో ఉంటుంది. అందుకే మీకిస్తున్నాను. మడిచి లోపల పెట్టుకోండి. నేను వెనక్కి అడిగినా ఇవ్వకండి.

ఏమిటి తీస్తున్నారు? మీ టేపా?

కొలవండి. ఏ పేజీ అయినా సరే. మడత దగ్గర్నుంచి... అవును. ఎంతొచ్చింది? పైకి చెప్పండి. నాకు కాదండీ, నాకెందుకు. ఆ కుర్చీ వైపు తిరిగి చెప్పండి.

విన్నారా! కిర్రుమంది. గడియారం చూడండి, నేను చెప్పలేదూ? ఐదింటికి పది నిమిషాలు.

ఇంక లేవండి. పుస్తకాలు నేను పట్టుకుంటాలెండి, మీరు కాగితంతో దిగండి. ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి, ముద్ర లేకుండా కదలకండి. పరిగెత్తండి మేస్త్రీగారూ. ఐదు దాటి ఒక్క నిమిషమైనా ఆ కౌంటర్లో గుమాస్తా తీసుకోడు. ఎంత బతిమాలినా తీసుకోడు.

వాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడు.