ఎర్రచుక్క కంచం

ఏమిటే రుచితా, కంచం వెనక ఎర్రచుక్కేమిటనా? గోళ్ళరంగమ్మా. నేనే పెట్టాను. నువ్వు పాలసీసా పట్టుకు తిరిగే రోజుల్లో, రెండువేల పదకొండులో, దేశంకాని దేశంలో, ఈ మౌంట్ రాస్కిల్ ఇంటి వెనకగదిలో రెజినాల్డ్ అని అద్దెకుండేవాడు. గుంటూరువాడు. ముసలివాళ్ళ హోములో పని. భోజనం మాతోనే, ఈ బల్ల మీదే. "టీచరమ్మగారూ, ఇవాళ ఉప్పుకి సెలవిచ్చారా?" అని నా చారుకి వంకపెట్టందే లేచేవాడు కాదు. మీ తాత పడీపడీ నవ్వేవారు, ఆయనకి నన్నెవరేమన్నా సంబరమేగా.

ఆ, రెజినాల్డ్. అతనికి క్షయ వచ్చింది. ఇక్కడ జాగ్రత్తగా విను. మాత్రలు ఆరు నెలలు మింగాలి. కానీ కొన్ని వారాలు సరిగ్గా మింగితే మామూలుగా ఇంకొకళ్ళకి అంటడం ఆగిపోతుంది. రెండూ వేరువేరు లెక్కలు. మొదట డాక్టర్లు విడిగా ఉండమన్నారు, ఉన్నాడు. కంచం కలిసిపోకుండా చుక్క పెట్టి, అన్నం అతని గది మెట్టు మీద పెట్టి వచ్చేదాన్ని. నెల తిరిగేసరికి వాళ్ళే "ఇక అంటదు, కలిసి తినొచ్చు" అని కాగితం ఇచ్చారు. కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించాను. కంచం మాత్రం మెట్టు మీదే పెడుతూ వచ్చాను. ముప్పయ్యేళ్ళు సైన్సు చెప్పినదాన్ని, చూశావా.

రోజూ నర్సు వచ్చి ఎదురుగా మాత్రలు మింగించేది. విక్టోరియా, మన ఏలూరు పిల్లే. మింగాక కూడా మెట్టు మీద కూర్చుని, నిద్ర పట్టిందా, ఎవరితో మాట్లాడారు అని అడిగి రాసుకునేది. ఇదీ వైద్యమేనండీ అనేది నాతో. మూడోనెలలో ఒకరోజు అతను మాత్రలకి చెయ్యి చాపలేదు. ఇక వద్దులెండి అన్నాడు. నేను బట్టలు ఆరేస్తూ విన్నాను. మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది, మనిషి దక్కడు. ఆమె బతిమాలలేదు.

"నిన్న ఎవరితో కలిసి తిన్నారన్నా?"

"కంచంతో."

అదీ రాసుకుంది. మనసు సంగతి చూసే డాక్టరుకి అక్కడినుంచే ఫోన్ చేసింది. నా వైపు చూడలేదు.

ఆ పూట అతన్ని లోపలికి పిలిచాను. వచ్చి, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని బల్లకి ఆ చివర కూర్చున్నాడు. అతనికి నా కంచం పెట్టి, ఎర్రచుక్క కంచంలో నేను వడ్డించుకుని తింటున్నాను. ఆ చుక్క చూసి, రుమాలు తీసి, ఒక ముద్ద తిని, "చారులో ఉప్పు లేదండీ" అన్నాడు. మర్నాడు మాత్రలందుకున్నాడు. ఆ డాక్టరు దగ్గరికీ నెలల తరబడి వెళ్ళాడు. నయమైంది. మూడేళ్ళకి గుండె ఆగి పోయాడు, అది వేరే జబ్బు.

గీకకు, ఉండనీ. గోళ్ళరంగు తుడిచే అసిటోన్‌తో పోతుందని నాకూ తెలుసు. చారు పోయనా?